నాయినకు అప్పజెప్పిన పరుగు మాటలు

నాకు పదహారేళ్ళు వచ్చేదాకా నాయిన నెమ్మదిగా నడవడం నేను చూడలేదు. కామాటిపురలో మా చాల్ ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే పాత మేడ, చెక్క మెట్లది. రెండో అంతస్తులో గ్యాలరీ పొడవునా ఒంటి గది ఖోలీలు, అందులో చివరి నుంచి రెండోది మాది. పొద్దున్నే కుళాయి దగ్గర నాలుగు చెంబులు పోసుకుని, నిలబడే చాయ్ తాగి, తాపీ పెట్టుకున్న సంచి భుజాన తగిలించుకుని నాయిన మెట్లు దిగుతుంటే, ఆ చప్పుడుకు కింది ఖోలీల వాళ్ళు నిద్ర లేచేవారు. ఆయన గోడలకు సిమెంటు పూసే మేస్త్రీ. అన్నం కూడా గబగబా తినేవాడు. బజారుకు పోతే అమ్మ ఎప్పుడూ వెనకబడిపోయేది. గ్రాంట్ రోడ్ స్టేషన్లో కదిలే బండి ఎక్కడమే తప్ప ఆగి ఉన్న బండి ఎక్కడం ఆయనకు తెలియదని ఇంటికి వచ్చిన వాళ్ళకంతా చెప్పేది.

“పెండ్లిల ఏడడుగులు గూడ ఉర్కిండు మీ నాయిన,” అనేది బీడీలు చుడుతూ. “కొంగుముడి ఏసిండ్రు గద, నేను గూడ ఎంబడి ఉర్కిన.”

మిల్లులు ఒక్కొక్కటే మూతబడుతూ ఉన్న కాలం అది. మిల్లుల్లో పని పోయిన వాళ్ళు కూడా కట్టడాల మీదికి వచ్చేవారు, పని దొరకడం కష్టంగా ఉండేది. ఆ ఏడు వానలు వెనకపట్టాక నాయినకు వర్లీ వైపు ఒక కొత్త బిల్డింగులో పని దొరికింది. బయటి గోడ పూస్తుండగా పరంజా కట్టె జారి కింద పడ్డాడు. ఇసుక కుప్ప మీద పడ్డాడు కాబట్టి ప్రాణం దక్కింది. తుంటి దగ్గర ఎముక, తొడ ఎముక విరిగాయి. ఆసుపత్రిలో చాలా రోజులు ఉంచుకుని, నడుము నుంచి పాదం దాకా కట్టు వేసి ఇంటికి పంపించారు.

మా మెట్లు ఇరుకు. నాయినను ఒక బల్ల మీద పడుకోబెట్టి, తోటి పనివాళ్ళు నలుగురు మోసుకుంటూ ఎక్కించారు. మలుపు దగ్గర బల్ల ఇరుక్కుంది. ఎటు తిప్పాలో తెలియక వాళ్ళు ఆగిపోతే, పైన పడుకున్న నాయిన, “జల్దీ నడువుండ్రి వయ్యా, ఈడనే ఉంటమా ఏంది,” అన్నాడు. మోసేవాళ్ళు నవ్వారు. అమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె అన్నిటికంటే కింది మెట్టు మీద, ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

నాయినకు గుమ్మం పక్కనే చాప వేశాం. పడుకుంటే ఆయనకు కనిపించేది గ్యాలరీ చూరు, దాని అవతల బెత్తెడు ఆకాశం. రోజంతా అటే చూసేవాడు. మూడో రోజో నాలుగో రోజో కింద సెలూన్ నడిపే ఆయన పలకరించడానికి వచ్చాడు. ఆయన కూడా మా పాలమూరు వైపు మనిషే. కాసేపు కూర్చుని, ఏం మాట్లాడాలో తెలియక నాయిన గడ్డం గీసి వెళ్ళాడు. సాయంత్రం మళ్ళీ వచ్చి, మూల పగిలిన పెద్ద అద్దం ఒకటి ఇచ్చాడు. దాన్ని బైండింగ్ వైరుతో చూరు చివర, ముఖం నేలవైపు ఉండేలా వేలాడదీశాం. ఎంతసేపు ఎటు వంచినా ముందు ఎదుటి చాల్ పైకప్పు, దాని మీద ఆరేసిన చీరలే కనిపించాయి. చివరికి ఒకచోట గల్లీ దొరికింది. కాకపోతే తలకిందులుగా.

“అందరు కాళ్ళు మీదికి పెట్టి నడుస్తున్నరు,” అన్నాడు నాయిన. చాలా రోజుల తర్వాత ఆయన గొంతులో హుషారు వినిపించింది. తల కొంచెం వెనక్కి వాల్చి చూస్తే సక్కగానే ఉందని కూడా చెప్పాడు.

నేను అప్పుడే జూనియర్ కాలేజీలో చేరాను. నాలుగో తరగతి దాకా తెలుగు మున్సిపల్ బడి, ఆ తర్వాత మరాఠీలో చదివాను. కాలేజీలో అన్నీ ఇంగ్లిష్. క్లాసులో మిగతా అమ్మాయిలు ఎక్కడుంటావని అడిగితే గ్రాంట్ రోడ్ దగ్గర అని చెప్పి ఊరుకునేదాన్ని. మా గల్లీ నంబరు చెప్తే వాళ్ళ ముఖాలు ఎలా మారతాయో నాకు తెలుసు. మా గల్లీలో మా తాతల నాటి నుంచి రాళ్ళు మోసి, గోడలు కట్టి బతికిన కుటుంబాలే ఉన్నా, కామాటిపుర అంటే బయటివాళ్ళకు తోచేది ఒళ్ళమ్ముకునే ఆడవాళ్ళ గల్లీలే.

మా ఇంగ్లిష్ మేడం పార్సీ ఆవిడ. వయసు మళ్ళిన మనిషి, బరువైన ఒళ్ళు, కాళ్ళకు నల్ల బూట్లు. ఒకరోజు క్లాసులోకి వచ్చి, హాజరు తీసుకోకుండా, ఉన్నట్టుండి చేతిసంచి చంకన పెట్టుకుని తలుపు బయటికి పరుగెత్తింది. మేం లేచి నిలబడ్డాం. అంతే వేగంగా మళ్ళీ లోపలికి వచ్చి, బల్ల పట్టుకుని ఆయాసపడుతూ అడిగింది.

“ఇప్పుడు నేనేం చేశాను?”

“రన్, మేడం,” అన్నారు ఎవరో.

“రన్ కాదు. ఐ డాష్డ్ ఔట్. తర్వాత ఐ రష్డ్ ఇన్. మీలో ఎవరూ నాతో రాలేదు కాబట్టి ఇంకోసారి చేయను. రాసుకోండి.”

అలా మొదలైంది ఆ పాఠం. వేగంగా కదలడాన్ని చెప్పే మాటలు. డాష్ ఆఫ్, షూట్ పాస్ట్, టేర్ డౌన్, రేస్ అప్, బోల్ట్ ఔట్, డార్ట్ అక్రాస్, జూమ్ బై. ఒక్కోదానికి ఒక చిన్న వాక్యం చెప్పింది. మాట తెలిసినా వెనకున్న చిన్న ముక్క తెలియకపోతే మనిషి ఎటు పోయాడో తెలియదని హెచ్చరించింది. పైకి గట్టిగా చదవండి, నోటికి అలవాటు కావాలి, సంవత్సరం చివర నోటి పరీక్ష నేనే పెట్టిస్తాను అంది.

నేను గట్టిగానే చదివాను, మొదటి రోజు. ఇంట్లో గుమ్మం దగ్గరే వెలుతురు. నాయిన తల దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని “హీ డాష్డ్ ఆఫ్, షీ రేస్డ్ అప్” అని చదువుతుంటే, ఆ మాటల అర్థం నాకే తట్టి మధ్యలో ఆపేశాను. కదల్లేని మనిషి పక్కన కూర్చుని నేను చదువుతున్నది ఏమిటి? పుస్తకం మూసేశాను. మర్నాటి నుంచి మేడ మీదికి వెళ్ళి నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి చదువుకున్నాను.

రెండు రోజులు చూశాడు నాయిన.

“ఇంట్ల సదువుత లేవేంది బిడ్డా?”

“మీద గాలి మంచిగొస్తది నాయినా.”

“మొన్న ఏందో సదివినవ్ గద. డాసాపో ఏందో. ఆగిపాయె.”

అమ్మ బీడీ ఆకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండానే, “దాని మాటలన్ని ఉర్కుడు మాటలేనంట. నీ ముంగట సదువనీకె దానికి మనసొప్పుత లేదు,” అంది. నేను అమ్మకు చెప్పింది అమ్మ అక్కడ చెప్పేస్తుందని అనుకోలేదు.

నాయిన అద్దం మీది నుంచి చూపు నా వైపు తిప్పాడు.

“కట్టు నా కాలుకు ఏసిండ్రు. చెవులకు ఏసిండ్రా?” అన్నాడు. “తే. ఈడ కూసో. ఉర్కుడుకు ఇంగిలీసుల ఎన్ని మాటలున్నయో నేను గూడ ఇంట.”

ఆ సాయంత్రం నుంచి నేను పాఠం నాయినకు అప్పజెప్పడం మొదలుపెట్టాను.

“డాష్ ఆఫ్ అంటే ఉన్న కాడికెళ్ళి ఒక్క ఉదుటున ఉర్కిపోవుడు. డాష్ ఇన్ అంటే లోపటికి ఉర్కొచ్చుడు. డాష్ ఔట్ అంటే బయటికి.”

“అంటే మాట ఒకటే, ఎనక తోక మారుతది.”

“ఆఁ, గంతే.”

“తోక యాడికి తిరిగితే మనిషి ఆడికి ఉర్కుతడు.” కాసేపు ఆలోచించి, “మరి మన మాటకు తోక లేదా?” అన్నాడు.

ఇద్దరం వెతికాం. తుర్రుమని పోయిండు. రయ్యిమని వచ్చింది. సర్రున దిగిండు. దబదబ ఉర్కిండు. మనకు మాట ముందర ఒక చప్పుడు ఉంటుందని అప్పుడు తోచింది. చప్పుడు వింటే చాలు, ఎలా పోయాడో కళ్ళకు కడుతుంది. మర్నాడు ఇది మేడంతో చెప్తే ఆవిడ ఆ చప్పుళ్ళన్నీ నాతో పలికించి, తనూ పలికి చూసింది. రయ్యిమని అనడం ఆవిడకు బాగా వచ్చింది. తుర్రు రాలేదు.

షూట్ పాస్ట్ దగ్గర నాయినకు అనుమానం వచ్చింది. “షూట్ అంటే తుపాకి గద. నడుమల ఇదెందుకొచ్చె?”

“గోలీ పోయినట్టు మన పక్కకెళ్ళి దూసుకపోవుడు.”

“బరాబర్,” అని ఒప్పుకున్నాడు.

ఆయనకు అన్నిటికంటే నచ్చింది టేర్ డౌన్. టేర్ అంటే చింపడమని, టేర్ డౌన్ అంటే బిల్డింగు కూలగొట్టడమని, కానీ మెట్లు అనే మాట చేరిస్తే మెట్లు దబదబా ఉరికి దిగడమని నేను చెప్పాను. నాయిన కట్టు కదిలేంతగా నవ్వాడు.

“మన చాల్ల రెండూ ఒకటే బిడ్డా. నేను ఉర్కితే మెట్లు కూలేటట్టే ఉంటుండె.”

తర్వాత తర్వాత నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఆయన దగ్గర ఆ రోజు వార్తలు సిద్ధంగా ఉండేవి. అద్దంలో చూసినవన్నీ ఆ మాటల్లో చెప్పేవాడు. దూద్‌వాలా సైకిల్ మీద జూమ్ బై. పిల్లి ఒకటి టాక్సీ ముందర నుంచి డార్ట్ అక్రాస్. పై అంతస్తు పిలగాడు బడికి ఆలస్యమై టేర్ డౌన్. రోడ్డు మీద అమ్మేవాళ్ళ సరుకు ఎత్తుకుపోయే మున్సిపాలిటీ బండి వచ్చిన రోజైతే పండగే. బండి వచ్చిందని “గాడీ ఆలీ” అనే కేక వినబడగానే గల్లీలో అమ్ముకునే వాళ్ళంతా గంపలెత్తుకుని పరుగుతీసేవారు. అదంతా తలకిందులుగా చూసి, ఎవరు ఎటు పోయారో తోకలతో సహా చెప్పేవాడు. అరటిపళ్ళ ముసలామె ఒక్కతే కదలలేదని, బండిలో వాళ్ళు ఆమెను చూసి చూడనట్టు పోయారని కూడా చెప్పాడు. “ఆమెకు ఏం మాట పెట్టాలె?” అని అడిగాడు. పాఠంలో ఉన్నవన్నీ ఉరికేవాళ్ళ మాటలే.

పక్క ఖోలీలో ఒక అవ్వ ఉండేది. మా మాటలు గోడకు అవతల నుంచి వినీ వినీ ఆమె కూడా ఒకటి పట్టుకుంది. మనవలు గ్యాలరీలో అల్లరి చేస్తే, “డాసాపు గాండ్రి ఈడికెళ్ళి,” అని తరిమేది. పిల్లలు ఆట ఆపకపోగా దానికి ఆ పేరే పెట్టుకున్నారు. అప్పటిదాకా వాళ్ళు పరుగుకు మరాఠీలో ‘పళ్, పళ్’ అని అరుచుకునేవాళ్ళు. ఆ సంవత్సరం మా గ్యాలరీలో మాత్రం డాసాపు అనేవాళ్ళు.

కట్టు విప్పే రోజు వచ్చింది. మళ్ళీ బల్ల మీదే దించి ఆసుపత్రికి తీసుకుపోయాం. ఎముక అతుక్కుందని, రోజూ నిలబడి కొద్దికొద్దిగా నడవాలని, కాలు కొంచెం పొట్టి అయిందని, కర్ర లేకుండా ఇక కుదరదని డాక్టరమ్మ చెప్పింది. నాయిన తల ఊపాడు. ఇంటికి వచ్చాక మాత్రం కర్రను గోడకు ఆనించి చాప మీద పడుకున్నాడు. రోజులు గడిచినా లేవలేదు. నొప్పి అంటాడు, రేపు అంటాడు. అద్దంలో గల్లీ చూడడం కూడా తగ్గించాడు. నేను మాటలు అప్పజెప్తానంటే నిద్రొస్తుందనేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ చేట పక్కకు జరిపి ఆయన ముందు కూర్చుంది.

“భయమైతున్నదా?” అని అడిగింది.

నాయిన గోడకున్న కర్ర వైపు చూశాడు. తర్వాత, “పడితే?” అన్నాడు. ఆ ఒక్క మాట చాలా చిన్నగా అన్నాడు. అంత పెద్ద గోడల మీద వేలాడుతూ పనిచేసిన మనిషి.

“పడితే లేపుతం. మేం యాడికి పోతం,” అంది అమ్మ.

ఆమె ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకున్నాం. లేచి నిలబడ్డాడు. ఆయన ఇంత పొడుగు మనిషని మరిచిపోయినట్టున్నాను. తల పైన దండెం మీది బట్టలకు తగిలింది. కర్ర ముందుకు పెట్టాడు. కాలు లాగాడు. మళ్ళీ కర్ర. చాప నుంచి గుమ్మం ఎంత దూరం, చేయి చాస్తే అందేంత. అంత దూరానికే ఒళ్ళంతా చెమట పట్టింది. గుమ్మం దగ్గర అమ్మను దాటి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. నాకు ఏడుపు వస్తోంది. ఏడవకూడదని నోటికి వచ్చింది అనేశాను.

“నాయినా, యు షాట్ పాస్ట్ అమ్మ.”

నాయినకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత గోడ పట్టుకునే నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతుంటే కాలు వణికింది, అమ్మ నడుము చుట్టూ చేయి వేసి ఆపింది. “ఏమన్నది? నన్నేమన్నది?” అని అడుగుతూనే ఉంది. నాయిన నవ్వు ఆపి చెప్పాడు.

“గోలీ పోయినట్టు నిన్ను దాటి పోయిన్నంట.”

“పోయినవ్ పోయినవ్,” అంది అమ్మ, కొంగుతో ఆయన ముఖం తుడుస్తూ.

తర్వాత గ్యాలరీయే ఆయన రోడ్డు అయింది. పొద్దున కుళాయి దాకా, సాయంత్రం మళ్ళీ కుళాయి దాకా. బయలుదేరే ముందు ఏ మాట తీసుకోవాలో నన్ను అడిగేవాడు. “ఇయ్యాల రేస్ అప్ పెట్టుకుందమా?” అని కర్ర తీసుకునేవాడు. గుమ్మాల్లో కూర్చున్న ఆడవాళ్ళు గిన్నెలు, పీటలు పక్కకు జరిపి దారి ఇచ్చేవారు. పక్క ఖోలీ అవ్వ తలుపు రెక్క పట్టుకుని, “జర మెల్లగ పో అయ్యా, నీ గాలికి నేను పడేటట్టున్న,” అనేది. ఆమె ముఖంలో నవ్వు కనిపించేది కాదు. నాయిన కూడా నవ్వకుండా, “సరే అవ్వా,” అని ఇంకో అడుగు వేసేవాడు.

మెట్ల జోలికి మాత్రం పోలేదు. మెట్ల దాకా వెళ్ళి, పైనుంచి కిందికి చూసి, వెనక్కి తిరిగేవాడు. మేమూ బలవంతం చేయలేదు.

నోటి పరీక్ష రోజు అమ్మ చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. నేను తల దువ్వుకుని బయలుదేరుతుంటే నాయిన అప్పటికే చొక్కా వేసుకుని మెట్ల దగ్గర ఉన్నాడు.

“నువ్వు ముందల నడువు. నేను ఎనకొస్త,” అన్నాడు.

“యాడికి?”

“కిందికి. పరీక్షకు పోతున్నవ్ గద. గల్లీ దాక తోలిస్త.”

అమ్మ లేదు, నాకు ఆలస్యమవుతోంది, వద్దని చెప్పాలి. ఆయన ముఖం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. నేను రెండు మెట్లు కింద ఉండి, పడితే ఆపాలని చేతులు చాచి, వెనక్కి వెనక్కి దిగాను. ఆయన ఒక చేయి కటకటాల మీద, ఒక చేయి కర్ర మీద పెట్టి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ కలుపుకుని, ఊపిరి పీల్చి, మళ్ళీ ఒక మెట్టు. దూద్‌వాలా మమ్మల్ని దాటి పైకి పోయాడు, పాలు పోసి కిందికి పోయాడు, మేం ఇంకా మలుపు దగ్గరే ఉన్నాం. కింది ఖోలీల వాళ్ళు తలుపులు తీసి చూశారు. చివరి మెట్టు దిగాక నాయిన నా వైపు చూశాడు. ఇప్పుడు మాట ఆయన చెప్పాలి.

“టోర్ డౌన్,” అన్నాడు. భూతకాలం కూడా సరిగ్గానే పెట్టాడు.

నేను స్టేషన్ వైపు పరుగెత్తాను.

పరీక్ష గదిలో మేడం పక్కన కూర్చుంది. ప్రశ్నలు వేసేది వేరే సార్, సన్నటి మనిషి, ముఖంలో అలసట. నా కంటే ముందు చాలామందిని అడిగి ఉంటాడు. మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే నడిచాయి.

“ఈ రోజు పొద్దున మీరు చూసిన ఒక వేగమైన కదలికను వర్ణించండి.”

ఏ బస్సో, రైలో చెప్పి ఉంటే సరిపోయేది. నా నోటికి అది రాలేదు.

“కామాటిపురలో మా ఇంట్లో, ఈ రోజు పొద్దున, మా నాన్న మెట్లు దబదబా ఉరికి దిగాడు సార్.”

“ఎందుకు? ఇంట్లో మంటలు లేచాయా?”

“లేదు సార్. ఆయన నడవడం నేర్చుకుంటున్నారు.”

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. “నడవడం నేర్చుకునే మనిషి ఉరకలేడు. దిగాడు అనండి. కేమ్ డౌన్.”

“టోర్ డౌన్, సార్.”

“ఎంతసేపు పట్టింది దిగడానికి?”

“పాలవాడు పైకి పోయి కిందికి వచ్చేంతసేపు. ఇంకా ఎక్కువే సార్.”

“అయితే మీరు వాడిన మాట తప్పు.”

నేను తప్పు ఒప్పుకోలేదు. ఆయన ఏదో రాసుకుని ఇక వెళ్ళమన్నాడు. మేడం నాతో పాటు తలుపు దాకా వచ్చింది.

“పుస్తకం ప్రకారం ఆయన చెప్పిందే సరైనది,” అంది. తర్వాత గొంతు తగ్గించి, “మీ నాన్నగారు మళ్ళీ పైకి ఎలా ఎక్కారు?” అని అడిగింది.

ఆయనను చివరి మెట్టు దగ్గర వదిలేసి నేను స్టేషన్‌కు పరుగెత్తాను. అమ్మ సాయంత్రం కానీ రాదు. నాయిన ఎలా ఎక్కుతాడో, ఎక్కడ కూర్చుంటాడో నాకు ఆలోచనే రాలేదు. మేడం నా ముఖం చూసి అర్థం చేసుకుంది.

“గో,” అంది. ఆ రోజు ఆవిడ వెనక ఏ ముక్కా చేర్చలేదు.

గ్రాంట్ రోడ్‌లో బండి పూర్తిగా ఆగకముందే దిగాను. వంతెన మెట్లు ఎలా ఎక్కానో, ఎవరిని తోసుకుంటూ వచ్చానో తెలియదు. ఎండలో చెప్పు తెగితే అది చేత్తో పట్టుకుని వచ్చాను. మా గల్లీ మలుపు తిరిగాను. చాల్ మెట్ల దగ్గర నాయిన లేడు.

సెలూన్ లోపలి నుంచి ఆయన నవ్వు వినిపించింది.

పెద్ద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నున్నగా గడ్డం గీయించుకుని, తల దువ్వించుకుని, మెడ చుట్టూ తెల్ల గుడ్డతో. పక్కన చాయ్ గ్లాసులు. గల్లీలో ఉన్న పాత దోస్తులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చుని పోతున్నారట. మధ్యాహ్నం అన్నం కూడా సెలూన్ ఆయన డబ్బాలోదే తిన్నాడట. నన్ను, నా చేతిలోని చెప్పును చూసి లేవబోయాడు.

“ఏమైంది బిడ్డా? పరీక్ష మంచిగ కాలేదా?”

“అయింది. నిన్ను ఈడ ఇడిసిపెట్టి పోయిన.”

“ఇడిసిపెడితే ఏమైంది? మంచిగున్న.” కుర్చీని గల్లీ వైపు తిప్పుకున్నాడు. “ఎన్ని దినాలకు చూస్తున్న. అందరు సక్కగ, కాళ్ళ మీదనే నడుస్తున్నరు.”

నేను ఆయన కాళ్ళ దగ్గర గడప మీద కూర్చున్నాను. ఆయాసం తగ్గేదాకా ఆయన నా తల మీద చేయి పెట్టి ఉంచాడు. సెలూన్ ఆయన తెగిన నా చెప్పును పిన్నీసుతో కలిపి ఇచ్చాడు. పొద్దుగూకే ముందు అమ్మ వచ్చింది. ఖోలీలో లేని భర్త సెలూన్లో సినిమా వాడిలా తయారై కూర్చోవడం చూసి, కిందే నిలబడి ఆయనను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. తర్వాత ముగ్గురం మెట్లు ఎక్కాం. ఎక్కడం దిగడం కంటే సులువుగా ఉందని నాయిన అన్నాడు. పడతానన్న భయం ఉండదట, ముందుకే చూస్తాం కదా అన్నాడు.

ఆ నోటి పరీక్షలో గట్టెక్కాను, గొప్ప మార్కులేమీ రాలేదు. మేడం తర్వాత ఎప్పుడు కనిపించినా ముందు నాయిన గురించే అడిగేది. ఒకసారి ఇంటికి రమ్మన్నాను. వచ్చింది. ఆ చెక్క మెట్లు ఆయాసపడుతూ ఎక్కి, చాప మీద కూర్చుని, అమ్మ పెట్టిన సర్వపిండి తిన్నది. నాయినా ఆవిడా హిందీలో మాట్లాడుకున్నారు. దేని గురించంటే, కట్టడాల గురించి. ఆవిడ ఉండే బిల్డింగు గోడలకు చెమ్మ ఎందుకు వస్తుందో నాయిన చెప్తుంటే శ్రద్ధగా విన్నది. పక్క ఖోలీ అవ్వ తలుపు సందులోంచి చూసి, పార్సీ ఆమె మన ఇంట్ల తిన్నదని గ్యాలరీ అంతా చెప్పింది.

నాయిన మళ్ళీ పరంజా ఎక్కలేదు. తాపీ కొన్నాళ్ళు గోడకు వేలాడింది. తర్వాత తోటి మేస్త్రీ కొడుక్కు ఇచ్చేశాడు, మంచి తాపీ, తుప్పు పట్టొద్దని. ఏడాది పైనే ఇంట్లో ఉన్నాడు. అమ్మతో పాటు బీడీలకు దారం కట్టేవాడు. ఆ వేళ్ళకు ఆ పని చిన్నదైపోయి, ఆయన కట్టిన వాటిలో సగం విప్పి అమ్మ మళ్ళీ కట్టేది.

చివరికి మా చాల్‌లోనే ఉన్న ఒకాయన, ఫోర్ట్ ఏరియాలో ఒక ఆఫీసు బిల్డింగు ఊడ్చే మనిషి, అక్కడ లిఫ్ట్‌మన్ పని ఖాళీ అయిందని చెప్పాడు. కూర్చుని చేసే పని. నాయిన వెళ్ళి మాట్లాడి వచ్చాడు. ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు ఇచ్చారు. ప్యాంటుకు ఒక కాలు అమ్మ పొట్టిగా మడిచి కుట్టింది.

పనిలో చేరిన వారానికి నేను కాలేజీ అయ్యాక ఆయనను చూడడానికి వెళ్ళాను. పాతకాలపు లిఫ్టు, ఇనుప జాలీ తలుపు, లోపల ఒక చెక్క స్టూలు. స్టూలు మీద నాయిన. కొత్త ఖాకీలో, మెడ నిటారుగా పెట్టుకుని, ఎవరో పెద్దమనిషిలా కనిపించాడు. లోపల ఇంకో ఇద్దరు ఆఫీసు వాళ్ళు ఉన్నారు. నన్ను గుర్తుపట్టనట్టే, హిందీలో, “కౌన్సా మాలా, మేడం?” అన్నాడు.

ఏ అంతస్తో నాకేం తెలుసు. “ఊపర్,” అన్నాను.

ఆఫీసు వాళ్ళు మధ్యలో దిగిపోయారు. జాలీ తలుపు రెండు చేతులతో లాగి, జాగ్రత్తగా గొళ్ళెం వేసి, పిడి తిప్పాడు. లిఫ్టు మూలుగుతూ కదిలింది. ఒక్కో అంతస్తూ మా ముందు నుంచి కిందికి జారిపోయింది. ఎక్కడ ఏ ఆఫీసు ఉందో, ఎవరు మంచివాళ్ళో, ఎవరు పొద్దున్నే పలకరిస్తారో చెప్తూనే ఉన్నాడు. పైన ఎవరూ ఎక్కలేదు. మళ్ళీ కిందికి వచ్చాం. కింద కూడా ఎవరూ లేరు.

“ఇంకోపారి పోదమా బిడ్డా?” అన్నాడు.

పోదాం అన్నాను.